మేడలెక్కే ఉద్యోగమని చిన్నచూపు వద్దమ్మా

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. ఈసీఈ చదివిన మా అబ్బాయి విజయవాడలో ఓ ఇంటర్నెట్ కంపెనీలో చేరాడు. పొద్దస్తమానం అపార్ట్‌మెంట్ల పైకెక్కి డిష్‌లు ఎక్కడ బిగించాలో చూడటమే పని. మొన్న ఇంట్లో వైఫై బాక్సు కూడా బీరువా వెనక నుంచి తీసి హాల్లో పెట్టాడు. ఇందుకా ఇంజనీరింగ్ చదివించింది? హైదరాబాద్ పంపి డేటా సైన్స్ చేయించమంటారా? ఏది మేలు?

జవాబు: ఇందుకేనమ్మా చదివించింది. ఇనప బీరువా సిగ్నల్‌ని అడ్డుకుంటుంది. నేర్చుకున్న చదువేంటో అబ్బాయి మీ కళ్లముందే చూపించాడు, మీరు చూడలేదు.

ఏది మేలని అడిగారు గానీ, మీ దిగులు చుట్టాలకి ఏం చెప్పుకోవాలని. చాలామంది తల్లులు ఇదే అడుగుతారు. ఆ దిగులుతో పిల్లాడి పనిని పిల్లాడి ముందే తీసిపారేయకండి.

ఆ పని తేలికైంది కాదు. 5.8 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద, తీగ లేకుండా 5 కిలోమీటర్ల లింకు వేయాలంటే ఈ మేడ మీంచి ఆ మేడ కనబడితే చాలదు. రెండు డిష్‌లనీ కలుపుతూ ఓ గీత గీస్తే, నడిమధ్యలో ఆ గీతకి అన్నివైపులా 5 మీటర్లయినా ఖాళీ ఉండాలి. రేపు లేచే అపార్ట్‌మెంటునీ, పెరిగే కొబ్బరిచెట్టునీ ఇవాళే లెక్కేసుకోవాలి. గుణదల కొండ అడ్డొస్తే చుట్టు తిప్పాలి. కృష్ణ దాటిస్తే నీళ్ల మీద పడి లేచిన తరంగం అసలు సిగ్నల్‌నే దెబ్బతీస్తుంది, యాంటెన్నా ఎత్తు మార్చి చూసుకోవాలి. పైగా ఈ తరంగాల బ్యాండ్‌కి లైసెన్స్ అక్కర్లేదు, ఎవరైనా వాడొచ్చు. కవరేజీ కోసం పవర్ పెంచేసేవాళ్లు పక్కవాడి లింకూ చెడగొడతారు, తమదీ చెడగొట్టుకుంటారు. తెలిసినవాడు ముందు ఏ ఛానెల్ ఖాళీగా ఉందో కొలుస్తాడు, యాంటెన్నాని కాస్త కిందికి వంచుతాడు.

ఇక డేటా సైన్స్. మంచి సబ్జెక్టే. స్టాటిస్టిక్స్ మీద ఇష్టం ఉన్నవాడికి బంగారం. నా అనుమానమంతా ఆర్నెల్ల కోర్సుల మీదే. చిట్టీ పాడి ఫీజు కట్టిన తల్లిదండ్రులు నా ఎదుట కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ పిల్లల రెజ్యూమేలు చూశాను. ఒకటే ప్రాజెక్టు, టైటానిక్ ఓడలో ఎవరు బతికారో అంచనా వేయడం! అందరిదీ అదే అయితే మీ అబ్బాయిని ఎవరు పిలుస్తారు? అసలు ఆ కోర్సు కావాలని అబ్బాయి అడిగాడా? మీ ఉత్తరంలో ఆ ముక్క ఎక్కడా లేదు.

మీ అబ్బాయి ఇప్పుడు చేస్తున్న పనిలోనూ కష్టం ఉంది. సబ్‌కాంట్రాక్టు కంపెనీల్లో మొదటి జీతం తక్కువ. డిష్ బిగించడం దగ్గరే ఆగిపోతే ఎదుగూబొదుగూ ఉండదు. సాయంత్రాలు రౌటింగ్, అంటే నెట్‌వర్క్‌లో డేటాని దారి పట్టించే పని, నేర్చుకోమనండి, సర్వేకి వెళ్లిన ప్రతి చోటా కొలిచిన సిగ్నల్ అంకెలు రాసి పెట్టుకోమనండి. 2023లో జియో, ఎయిర్‌టెల్ రెండూ 5జీ మీద ఇళ్లకి గాలిలో బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వడం మొదలెట్టాయి. ఆ అంకెలు చదవగలిగినవాడికి అక్కడా పని ఉంటుంది. భయపడకండి.

మీరు అడగాల్సింది మాత్రం ఒకటుంది. టవర్ ఎక్కేటప్పుడు సేఫ్టీ బెల్టు ఇస్తున్నారా? ఈ రాత్రే అడగండి. ఇవ్వట్లేదంటే కంపెనీ మారమనండి, పని మారమనకండి.