చిన్న కాలేజీల్లో పూర్వ విద్యార్థుల బలగాన్ని ఎలా తూచాలి?

అమెరికాలో విలియమ్స్, గ్రిన్నెల్, క్లేర్‌మాంట్ మెకెన్నా కాలేజీల్లో మీ అమ్మాయికి సీట్లు వచ్చాయనీ, ఉద్యోగావకాశాల దృష్ట్యా ఎక్కడి పూర్వ విద్యార్థుల బలగం మెరుగో చెప్పమనీ అడిగారు. చుట్టూ మొక్కజొన్న చేలు తప్ప మరేమీ కనిపించని మిడ్‌వెస్ట్ ఊళ్లో, పదిహేను వందల మంది చదివే అలాంటి కాలేజీలోనే నేను ఎకనామిక్స్ చదివాను. ముక్కూ మొహం తెలియని విద్యార్థి రాసిన ఉత్తరానికి పూర్వ విద్యార్థి జవాబిస్తాడా లేదా అన్నదొక్కటే చూడాలని నా గట్టి నమ్మకం.

మూడో సంవత్సరం డిసెంబరులో మా కెరీర్ ఆఫీసు వారు నలభై పేర్ల జాబితా చేతికిచ్చి, అంతటితో తమ బాధ్యత తీరిందనుకున్నారు. పదకొండు ఈమెయిళ్లు చిరునామా లేదంటూ వెనక్కి వచ్చాయి, ఆరుగురు జవాబిచ్చారు. వారిలో 1974లో పట్టా పుచ్చుకున్న ఒక పెద్దాయన షికాగో వచ్చి కలవమన్నారు. విజయవాడ బీసెంట్ రోడ్డులో కొన్న కోటు వేసుకుని, మంచులో రాత్రంతా బస్సులో వెళ్లి, ప్లాస్టిక్ కవరులో భద్రంగా పెట్టుకున్న రెజ్యూమె తీసి ఆయన ముందుంచితే, ఆయన దాన్ని బోర్లా తిప్పి దానిమీద కాఫీ కప్పు పెట్టారు. తర్వాత, హిస్టరీ చెప్పే ఫలానా ప్రొఫెసరు ఇంకా ఆకుపచ్చ సిరాతోనే దిద్దుతున్నారా అని అడిగారు. ఆ ప్రొఫెసరు దగ్గర నా మొదటి వ్యాసానికి సీ గ్రేడు వచ్చిందని ఒప్పుకున్నాను. తనకూ అదే వచ్చిందని పెద్దగా నవ్వి, ఆ బల్ల దగ్గరినుంచే ఎవరికో ఫోను చేశారు. ఆ వేసవి ఇంటర్న్‌షిప్ నాకు అలా దొరికింది. కాఫీ మరక పడ్డ ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. నలభై వేల మంది చదివే విశ్వవిద్యాలయంలో మూడు దశాబ్దాల తేడా ఉన్న ఇద్దరికి ఒకే గురువు చేతిలో తిన్న చీవాట్లు ఉమ్మడిగా ఉండడం అరుదు.

ఇక మీరడిగిన మూడింటి సంగతి. 1821లో విలియమ్స్ అధ్యక్షుడే కొందరు విద్యార్థులను వెంటబెట్టుకుని ఆమ్‌హెర్స్ట్ అనే ఊళ్లో కొత్త కాలేజీ పెట్టడానికి వెళ్లిపోయినప్పుడు, కాలేజీ మూతపడుతుందన్న భయంతో పూర్వ విద్యార్థులు ఏర్పరచుకున్న సంఘం నేటికీ నడుస్తోంది. న్యూయార్క్, బోస్టన్ ఫైనాన్స్ సంస్థల్లో వారి పలుకుబడి గట్టిది. కేకేఆర్ అనే పెట్టుబడుల సంస్థ స్థాపకుల్లో ఒకడైన హెన్రీ క్రావిస్ చదివిన క్లేర్‌మాంట్ మెకెన్నా ఫైనాన్స్, కన్సల్టింగ్, ప్రభుత్వ విధానాల వైపు మొగ్గినది. గ్రిన్నెల్ పేరెత్తగానే అందరూ ఇంటెల్ స్థాపకుల్లో ఒకడైన రాబర్ట్ నాయిస్‌ను తలుచుకుంటారు కానీ, 1949లో పట్టా పుచ్చుకున్న ఆయన పేరు చెప్తే మీ అమ్మాయిని ఎవరూ ఇంటర్వ్యూకు పిలవరు. పీహెచ్‌డీ వైపు వెళ్లే ఉద్దేశముంటే మాత్రం నేను గ్రిన్నెల్‌కే ఓటేస్తాను.

"ఆ పేరెప్పుడూ వినలేదే" అనే బంధువులకూ, ర్యాంకుల పట్టిక తప్ప మరేదీ చూడని కన్సల్టెన్సీల వారికీ నేను జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను. వారెవరూ అడగని అసలు ప్రశ్న వీసా. ఎంత ఆత్మీయుడైన పూర్వ విద్యార్థి అయినా, తన కంపెనీ హెచ్-1బీకి స్పాన్సర్ చేయదంటే చేయగలిగింది తక్కువ. పట్టా తర్వాత ఓపీటీ కింద, అంటే విద్యార్థి వీసా మీదే ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతితో, 12 నెలలు పనిచేయవచ్చు. చదివిన మేజరు (ప్రధాన విషయం) స్టెమ్ కింద, అంటే సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం కోవలో, నమోదై ఉంటే మరో 24 నెలల పొడిగింపుకు వీలుంటుంది. అందుకే ఒక్కో కాలేజీలో ఎకనామిక్స్‌ను ఏ కోడు కింద (స్టెమ్‌లోనా, కాదా) చూపుతున్నారో రాతపూర్వకంగా అడగండి.

మే 1 లోపు డిపాజిట్ కట్టాలి కాబట్టి, ఈ వారమే మూడు కాలేజీలనూ అడిగి, మన దేశం నుంచి వెళ్లి అక్కడ చదివినవారి పేర్లు ఐదేసి తీసుకుని మీ అమ్మాయి చేతనే ఉత్తరాలు రాయించండి, మీరు రాయకండి. జవాబులు ఎన్ని వచ్చాయో, ఎన్ని రోజులకు వచ్చాయో ఒక కాగితం మీద వేసుకోండి. నాకు జవాబిచ్చిన ఆరుగురిలో ఇద్దరు ఆ రాత్రే రాశారు.