క్యాట్‌లో 84 పర్సంటైల్: మళ్లీ రాయాలా, దొరికిన సీటు తీసుకోవాలా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా నెల్లిమర్ల. బీసీలం. మా అమ్మాయి బీఎస్సీ చదివి, రెండేళ్లుగా విశాఖపట్నంలో ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తోంది. రోజూ రైలులో వెళ్లివస్తుంది. పదో తరగతి వరకు తెలుగు మీడియమే. ఐఐఎంల ఎంబీఏ ప్రవేశ పరీక్ష క్యాట్‌లో 84 పర్సంటైల్ (అంటే రాసినవారిలో సుమారు 84 శాతం మందికంటే పైన) వచ్చింది: గణితంలో 91, డేటా, లాజిక్ విభాగంలో 80, ఇంగ్లిషులో 64. ఉద్యోగం మాన్పించి హైదరాబాదులో కోచింగుకు పంపమని బంధువులు అంటున్నారు. ఇంతలో బెంగళూరులోని ఒక కళాశాలవారు ఫోన్ చేసి, రెండేళ్లకు 14 లక్షలని, నూరు శాతం ప్లేస్‌మెంట్ అని, వారంలోగా 50 వేలు కట్టమని చెప్పారు. ఏం చేయమంటారు?

జవాబు: ఆ 50 వేలు కట్టకండి, ఉద్యోగమూ మాన్పించకండి. గణితంలో 91 తెచ్చుకున్న అమ్మాయికి ఇప్పుడు కావలసింది కొత్త సిలబస్ కాదు, ఇంగ్లిషు విభాగంలో మార్కులు ఎక్కడ జారిపోయాయో తెలుసుకోవడం. అందుకు కోచింగ్ కేంద్రం కంటే ముందు ఆమె రెస్పాన్స్ షీటును (తాను గుర్తించిన సమాధానాల పత్రాన్ని), అధికారిక కీని (సరైన సమాధానాల పత్రాన్ని) పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల షీట్లలో నాకు తరచుగా కనిపించేది ఒకటే: తమకు ఇంగ్లిషు రాదన్న భయంతో, ఎక్కువ ప్రశ్నలు చేస్తే ఏవో కొన్ని తగలకపోవన్న ఆశతో, 24 ప్రశ్నల్లో 22 వరకు గుర్తించేస్తారు. వాటిలో తొమ్మిది సరైనవి, పదమూడు తప్పు అనుకుందాం. ఆ పదమూడులో పది బహుళైచ్ఛిక ప్రశ్నలైతే, సరైనదానికి మూడు చొప్పున వచ్చిన 27 మార్కులలోంచి తప్పుకు ఒకటి చొప్పున 10 పోయి 17 మిగులుతాయి. అదే అమ్మాయి నాలుగు ప్యాసేజీల్లో కష్టమైన ఒకదాన్ని వదిలేసి, మిగిలిన మూడింటిని నిదానంగా చదివి, వాటిలోని 12 ప్రశ్నల్లో తొమ్మిది సరిగా, మూడు తప్పుగా చేసినా 24 వస్తాయి. సమాధానం టైపు చేసే ప్రశ్నలకు నెగెటివ్ మార్కులు లేవు కనుక వాటిని మాత్రం ఒక్కటీ ఖాళీగా వదలకూడదు.

ఇక చదివే అలవాటు సంగతి. పదాల జాబితాలు బట్టీపట్టడం వల్ల ఈ విభాగంలో పెద్దగా ఒరిగేది ఉండదు. నెల్లిమర్ల నుంచి విశాఖ వెళ్లేలోగా ఒక పెద్ద ఇంగ్లిషు వ్యాసం, అదీ ఆమెకు ఏమాత్రం ఇష్టం లేని విషయం మీద, చదివి ఫోన్ పక్కన పెట్టేసి, రచయిత ఏమంటున్నాడో తెలుగులో రెండు వాక్యాల్లో తనకు తాను చెప్పుకోమనండి. తెలుగులో చెప్పలేకపోతే ఇంగ్లిషులో అర్థం కానట్టే. డేటా విభాగంలోనైతే 40 నిమిషాల్లో మొదటి ఆరేడు నిమిషాలు సెట్లన్నింటినీ (ఒకే సమాచారం మీద అడిగే ప్రశ్నల గుంపులను) చూడటానికే కేటాయించి, తేలే సెట్లు రెండు మూడు ఎంచుకోవడం సాధన చేయాలి. వారానికి ఒక మాక్ (నమూనా పరీక్ష) చాలు, కానీ దాన్ని విశ్లేషించడానికి పరీక్షకు పట్టిన సమయం కంటే ఎక్కువ పట్టాలి.

సంస్థల ఎంపికలో ఆమెకు అనుకూలమైనవి కొన్ని ఉన్నాయి. ఇంజనీరింగేతర డిగ్రీకి, మహిళా అభ్యర్థులకు, ఉద్యోగ అనుభవానికి పలు ఐఐఎంలు అదనపు మార్కులిస్తాయి. అనుభవం లెక్కకు వస్తుంది కనుకనే ఉద్యోగం వదలవద్దంటున్నాను. జనరల్ వర్గంలో కొత్త ఐఐఎంల పిలుపుకు సాధారణంగా 90ల మధ్య నుంచి పైకి రావాలి, ఓబీసీ కటాఫ్ అంతకంటే తక్కువ. విశాఖ గంభీరంలోని ఐఐఎంతో పాటు, ఇప్పుడు క్యాట్ స్కోరునే తీసుకుంటున్న ఐఐఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య విద్యా సంస్థ) కాకినాడ క్యాంపస్‌ను కూడా జాబితాలో ఉంచండి. డిసెంబరులో స్నాప్ (సింబయాసిస్ సంస్థల పరీక్ష), జనవరి మొదట్లో ఎక్సాట్ (ఎక్స్ఎల్ఆర్ఐ వంటి సంస్థల పరీక్ష) రాయించండి. రాష్ట్ర ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ కూడా రాయించండి, 200 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. ఆ ర్యాంకుతో ఆంధ్రా విశ్వవిద్యాలయంలోనో, ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయంలోనో సీటు వస్తే, ఫోన్ మీద అమ్ముడవుతున్న 14 లక్షల సీటుకంటే దాన్నే నేను ఎంచుకుంటాను.

ఎందుకంటే ఆ 14 లక్షలు పది శాతం వడ్డీకి పదేళ్ల రుణంగా తీసుకుంటే నెలకు సుమారు 18,500 వాయిదా పడుతుంది. చదువుకునే రెండేళ్ల వడ్డీ దీనికి అదనం. "నూరు శాతం ప్లేస్‌మెంట్" అన్నవారిని మూడు సంగతులు రాతపూర్వకంగా అడగండి: గత బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమందిని ప్లేస్‌మెంట్ లెక్కలోంచి తప్పించారు, మధ్యస్థ జీతం (జీతాలను వరుసగా పెడితే సరిగ్గా మధ్యలో ఉన్నది) ఎంత. సగటు జీతం చెబితే ఒప్పుకోకండి, ఒకరిద్దరి పెద్ద జీతాలు దాన్ని పైకి లాగేస్తాయి. సమాధానం రాయనివారు మళ్లీ ఫోన్ చేసినా ఎత్తనక్కరలేదు.

చివరిగా, మీరు బీసీలమని రాశారు. రాష్ట్ర బీసీ జాబితా, కేంద్ర ఓబీసీ జాబితా ఒకటి కావు. మన ఉత్తరాంధ్రలో రాష్ట్రంలో బీసీలుగా ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలు ఉన్నాయి. ఆగస్టులో క్యాట్ దరఖాస్తులు మొదలయ్యేలోగా మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకుని, ఉంటే తహశీల్దారు నుంచి కేంద్ర నమూనాలోని నాన్ క్రీమీలేయర్ ధ్రువపత్రం తెచ్చుకోండి. సాధారణ కుల ధ్రువపత్రం పనికిరాదు. కులం కేంద్ర జాబితాలో లేకపోతే జనరల్‌గానే దరఖాస్తు చేయించి, పైన చెప్పిన 90ల స్కోరునే లక్ష్యంగా పెట్టుకోమనండి.