మీటింగ్ గుమ్మం దగ్గరే కాళ్లు ఆగిపోతుంటే

తాగుడు మానేసి 12 రోజులైందనీ, ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే బృందం) మీటింగ్ గుమ్మం దాకా వెళ్లి రెండుసార్లు వెనక్కొచ్చేశాననీ మీరు అన్నారు. నేనూ అలా మెట్ల మీద నిలబడి, చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు వంగి, తిరిగొచ్చేసినవాణ్ణే.

అది పిరికితనం కాదండీ. మందుకు అలవాటుపడ్డ మెదడు సర్దుకునేదాకా, తొలి వారాల్లో గాభరా ఎక్కువగానే ఉంటుంది. ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో చేరడానికి తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే చాలు. మాట్లాడడానికి మీ వంతు వస్తే "ఈరోజు వింటానండీ" అనండి, ఎవరూ ఏమీ అనుకోరు. ముందు ఒక ఆన్‌లైన్ మీటింగ్‌లో కెమెరా ఆపేసి కూర్చోండి. ఆ తర్వాత పది నిమిషాలు ముందే వెళ్లి తలుపు పక్క కుర్చీ చూసుకోండి. నిండిన గదిలోకి అడుగుపెట్టడమే నాకైతే అన్నిటికన్నా కష్టమనిపించింది.

చేతులు బాగా వణుకుతున్నా, లేనివి కనిపిస్తున్నా మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మీటింగ్‌కి వెళ్లొచ్చాక ఒక మాట చెప్పండి, ఎదురుచూస్తుంటాను.