పద్నాలుగో నియమం గురించి

హన్మకొండ

తమ్ముడూ,

నువ్వు పంపిన ఓరుగల్లు ముట్టడి ఆట అందింది. పటం చాలా బాగుంది. లోపల రాతికోట, బయట మట్టికోట, రెండింటికీ కందకాలు, నాలుగు దిక్కులా వంపు తిరిగి లోపలికి వెళ్లే ద్వారాలు. ఖిలా వరంగల్‌ను కాలినడకన తిరిగి చూసినవాళ్లు గీసిన పటమని చూడగానే తెలుస్తోంది. బిళ్లల మీది బొమ్మలూ నచ్చాయి. ఇక నేను రాయబోయేదంతా నియమాల పుస్తకం గురించే. అది చదువుతుంటే హాయిగా ఉంది, ఆడబోతేనే తగువు మొదలవుతోంది.

నువ్వు ఇంతవరకు రాసినవి కథలు. కథలో సగం చెప్పి వదిలేస్తే మిగతాది చదువరి ఊహించుకుంటాడు, ఆ ఊహ అతనికి ఆనందం కూడా. నియమాన్ని చదివేవాళ్లు ఇద్దరు, ఇద్దరికీ గెలవాలని ఉంటుంది. నువ్వు వదిలేసిన సగాన్ని ఎవరికి వారు తమకు లాభించేలా పూరించుకుంటారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. పులిజూదం చూడు: 3 పులులు, 15 మేకలు, కాగితం మీద ఒక్క నియమం లేకపోయినా తరాలుగా నడుస్తోంది. పులి ఒకే వంతులో రెండు మేకల మీదుగా దూకవచ్చా అని పేచీ వస్తే, అరుగు మీద కూర్చున్న పెద్దాయన తేల్చేస్తాడు. 1824లో ప్రష్యాలో రైస్విట్జ్ అనే లెఫ్టినెంటు తన యుద్ధక్రీడ నియమాలు అచ్చు వేయించినప్పుడు కూడా బల్ల దగ్గర మధ్యవర్తి ఉండేవాడు. తర్వాతి కాలంలో నియమాలు మోయలేనంతగా పెరిగిపోతే, 1876లో వెర్డీ దు వెర్న్వా అనే సేనాని వాటిని చాలావరకు పక్కనపెట్టి తీర్పును మధ్యవర్తి అనుభవానికి వదిలేశాడు. నీకు ఆ వెసులుబాటు లేదు. నీ పెట్టెను ఇంటికి తీసుకెళ్లి విప్పే ఇద్దరికీ పుస్తకం తప్ప దిక్కులేదు.

నీ పద్నాలుగో నియమం తీసుకుందాం. 'కందకాన్ని పూడ్చిన తర్వాత ఢిల్లీ దండు మట్టిగోడపై దాడి చేస్తుంది' అని రాశావు. 1310 ముట్టడిలో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సేన కందకం పూడ్చి గోడకు దారి చేసుకున్న మాట నిజమే, చరిత్రగా నీ వాక్యానికి వంక లేదు. ఇప్పుడు ఢిల్లీ పక్షాన కూర్చుని చదువు. పూడ్చడానికి ఎన్ని వంతులు కావాలి? మూడు దండ్లు కలిసి పూడిస్తే పని త్వరగా అవుతుందా? పూడ్చిన వంతులోనే దాడికి దిగవచ్చా? సగం పూడ్చి వదిలేస్తే ఆ సగం అలాగే ఉంటుందా? అన్నిటికంటే, ఆ 'చేస్తుంది' చేయాలనా, చేయవచ్చుననా? నీకు తెలుసు, కానీ చెప్పలేదు. నేనైతే ఇలా రాస్తాను:

14.1 కందకం గడికి ఆనుకుని ఉన్న ఢిల్లీ దండు ఆ వంతులో కదలకుండా, దాడి చేయకుండా ఉంటే, ఆ గడిలో ఒక పూడిక బిళ్ల పెట్టవచ్చు. ఎన్ని దండ్లు ఆనుకుని ఉన్నా వంతుకు ఒక్క బిళ్లే.

14.2 మూడు పూడిక బిళ్లలు చేరిన గడి, తర్వాతి ఢిల్లీ వంతు మొదలు ఆట ముగిసేదాకా మైదానంగా లెక్క.

14.3 మూడు చేరకముందు, గోడ వెలుపల ఉన్న కాకతీయ దండు ఆ గడికి ఆనుకుని తన వంతు ముగిస్తే, అందులోంచి ఒక పూడిక బిళ్ల తీసేయాలి.

నీ వాక్యంలో ఉన్న అందం ఇందులో లేదు, ఒప్పుకుంటాను. కానీ 14.3లో 'గోడ వెలుపల ఉన్న' అన్నది ఒక్కసారి కొట్టేసి చూడు. గోడ మీద కాపలా కాసే ప్రతి దండూ కందకానికి ఆనుకునే ఉంటుంది. పెట్టిన బిళ్ల పెట్టినట్టే పోతుంది, కందకం ఏనాటికీ పూడదు, ఓరుగల్లు ఏనాటికీ పడదు. మన ఊరివాళ్లకు సంతోషమే గానీ ఆట ఆగిపోతుంది. ఇలాంటిది తలలో ఎంత ఆలోచించినా తట్టదు, బిళ్లలు పేర్చి ఆడి చూస్తేనే బయటపడుతుంది.

ముగింపు నియమం ఇంకా చిక్కు. 'ఓరుగల్లు లొంగిపోతే ఆట ముగుస్తుంది' అన్నావు. ఏ లొంగుబాటు? 1310లో ప్రతాపరుద్రుడు ఏనుగులు, గుర్రాలు, ధనరాశులు ఇచ్చి, కప్పం కట్టడానికి ఒప్పుకుని సింహాసనం నిలబెట్టుకున్నాడు. 1323లో ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుఘ్ ఖాన్ చేతిలో కోట పడింది, రాజు బందీ అయ్యాడు, కాకతీయుల కథ అక్కడితో సరి. ఈ రెంటినీ ఒక్క మాటలో కలిపేస్తే, కప్పం కట్టి రాజ్యం కాపాడుకున్న ఆటగాడూ సర్వం పోగొట్టుకున్నవాడూ ఒకే ఓటమి పాలవుతారు. 1303లో ఢిల్లీ సేన వట్టి చేతులతో తిరిగి వెళ్లింది కనుక మూడో ముగింపూ చరిత్రలోనే ఉంది. మూడింటినీ విడివిడిగా రాయి: మట్టిగోడ పడితే ఏమవుతుంది, రాతిగోడ పడితే ఏమవుతుంది, చివరి వంతు దాకా రెండూ నిలిస్తే ఎవరు గెలిచినట్టు.

వదంతి కార్డు నాకు తెగ నచ్చింది. సుల్తాను పోయాడన్న పుకారుతో ఉలుఘ్ ఖాన్ తొలి ముట్టడి చెదిరి దేవగిరి దాకా వెనక్కి పోవడాన్ని ఆటలోకి తేవాలన్న ఊహ నీకు రావడం మెచ్చుకోదగ్గదే. కానీ కార్డు పడగానే ముట్టడి ఆగుతుందా, ఆ వంతు పూర్తయ్యాకా? పెట్టిన పూడిక బిళ్లలు ఉంటాయా, పోతాయా? కార్డు మీదే రాయి. కార్డుకూ పుస్తకానికీ పొసగనప్పుడు కార్డు మాటే చెల్లుతుందని పుస్తకం మొదటి పేజీలో రాయి. నాయకులకు బురుజులు అప్పగించిన ఘట్టం, రుద్రమదేవి గోడ ఎత్తు పెంచిన సంగతి నియమాల నడుమ నుంచి తీసి వెనక పేజీలకు పంపు. అవి ఉండాలి, అక్కడ ఉండాలి.

మరొకటి, కొంచెం గట్టిగానే చెబుతున్నాను. నీ స్నేహితులు అడిగిన ప్రశ్నలకు నువ్వు రాసిచ్చిన జవాబుల కాగితం చూశాను. 'ఏనుగుల దండు ద్వారం గుండా వెళ్లలేదు' అన్నదాన్ని వివరణ కింద వేశావు. పుస్తకంలో ఏనుగుల మీద ఆ ఆంక్ష ఎక్కడా లేదు, అది కొత్త నియమం. రాసిన మాటకున్న అర్థాన్ని విప్పి చెబితే వివరణ, లేనిది చేరిస్తే మార్పు. మార్పును మార్పనే చెప్పి తేదీ వెయ్యి, లేకపోతే నిన్న ఏనుగులతో గెలిచినవాడికి నువ్వు అన్యాయం చేసినట్టే. జవాబుల కాగితాన్ని పెంచుకుంటూ పోవద్దు కూడా. ఒక ప్రశ్న రెండో మనిషి నోట వినిపించిందంటే ఆ నియమాన్నే తిరగరాయి.

తిరగరాశాక రెండు ప్రతులు నాకు పంపు. మా వీధిలో ఇద్దరు కుర్రాళ్లున్నారు, నీ ఆట ముఖం చూడనివాళ్లు, ఒకరి మాట ఒకరు వినని రకం. వాళ్ల చేత ఆడిస్తాను. నువ్వూ వచ్చి కూర్చో, కానీ వాళ్లేమడిగినా పెదవి విప్పకూడదు. ఎక్కడ ఆగారో, ఏ పేజీ ఎన్నిసార్లు తిప్పారో రాసుకో, చాలు.

పటంలో తూర్పు ద్వారం పక్కన రెండు గడులకు ఒకే అంకె పడింది. అది కూడా సరిచేసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్న