యూదుల, యూరప్ మేధో చరిత్రలో పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం దొరుకుతుందా?

హైదరాబాద్‌లో హిస్టరీ ఎంఏ చేశాను, యూదుల, యూరప్ మేధో చరిత్రలో (అంటే ఆలోచనల చరిత్రలో) అమెరికాలో పీహెచ్‌డీ చేద్దామనుకుంటున్నాను, యూదుణ్ని కాకపోతే ఇబ్బందా, తర్వాత ఉద్యోగం వస్తుందా అని మీరు అడిగారు. నేను హైదరాబాద్‌లోని భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో జర్మన్ చదివి, ఇదే సబ్జెక్టులో అమెరికాలో పీహెచ్‌డీ చేసి, ఇప్పుడు ఇక్కడే పాఠాలు చెబుతున్నాను.

మతం అడ్డు కాదు. ఇంటర్వ్యూల్లో నన్ను అడిగిందల్లా జర్మన్ ఎంత వచ్చు, హీబ్రూ ఎంత వచ్చు అనే. అసలు పరీక్ష అక్కడే. జర్మన్ యూదు తత్వవేత్త మోజెస్ మెండెల్సోన్ 1783లో పూర్తిచేసిన తోరా (యూదుల పవిత్ర గ్రంథం) అనువాదమే చూడండి: భాష జర్మన్, లిపి హీబ్రూ. రెండూ రాకపోతే ఒక్క లైను ముందుకు కదలదు. 19వ శతాబ్దపు ఉత్తరాలైతే చాలావరకు కురెంట్ అనే పాత చేతిరాతలో ఉంటాయి. అందులో ‘ఈ’ (e) అక్షరం అచ్చం ‘ఎన్’ (n)లా ఉంటుంది. ‘యూ’ (u)ని ‘ఎన్’ అనుకోకుండా నెత్తిన చిన్న వంపు గీత పెడతారు. ఆ గీత కాస్తా వెలిసిపోయిందంటే ఒక్క మాట దగ్గరే పూట గడిచిపోతుంది. జర్మన్ యూదుల చరిత్ర కాగితాలు భద్రపరిచే న్యూయార్క్‌లోని లియో బెక్ ఇన్‌స్టిట్యూట్ ఇలాంటి కాగితాలు బోలెడన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. అప్లికేషన్ ఫీజులు కట్టేముందు ఒక ఉత్తరం తెరిచి కుస్తీ పట్టండి. విసుగు రాకపోతే ముందుకెళ్లండి.

ఇక ఉద్యోగాలు. అచ్చంగా ఈ సబ్జెక్టు పేరుతో పడే పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మనకు దొరికేవి ఎక్కువగా ‘ఆధునిక యూరప్ చరిత్ర’ కింద వస్తాయి, అంటే ఫ్రెంచి విప్లవం నుంచి ప్రచ్ఛన్నయుద్ధం దాకా అన్నీ చెప్పగలగాలి. దాతల డబ్బుతో నడిచే జ్యూయిష్ స్టడీస్ పోస్టులూ ఉంటాయి కానీ పోటీ ఘోరం.

ఆ మాటకొస్తే ఈ రంగం పుట్టిందే యూనివర్సిటీ గేటు బయట. యూదుల చరిత్రను శాస్త్రీయంగా చదవాలని 1819లో బెర్లిన్‌లో సంఘం పెట్టినవాళ్లలో ఎడ్వర్డ్ గాన్స్, లియోపోల్డ్ ట్సుంట్స్ ఉన్నారు. గాన్స్ 1825లో క్రైస్తవం పుచ్చుకున్నాకే ప్రొఫెసరయ్యాడు. మతం మారని ట్సుంట్స్, యూదు చరిత్రకు పీఠం (ప్రత్యేక ప్రొఫెసర్ పదవి) కావాలని 1848లో అర్జీ పెడితే బెర్లిన్ యూనివర్సిటీ కాదు పొమ్మంది. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో అలాంటి పీఠంలో చరిత్రకారుడు సాలో బారన్ చేరేసరికి 1930 అయింది.

పీహెచ్‌డీకి ఆరేడేళ్లు పడుతుంది. ఫీజు మాఫీ, స్టైపెండ్ రెండూ ఇవ్వని సీటుకు లోన్ తీసుకుని మాత్రం రావద్దు. ఈలోగా హైదరాబాద్‌లోనే జర్మన్ బీ2 (ఆరు స్థాయిల్లో నాలుగోది) దాకా పూర్తిచేయండి. హీబ్రూ ఇక్కడికొచ్చాక మొదలుపెట్టినా ఫర్వాలేదు, నేనూ అలాగే నేర్చుకున్నాను.