చందా పుస్తకాలు పారేయకు బిడ్డా

బిడ్డా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి, వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో ఇల్లిల్లూ తిరిగి ఉద్యమాల కాగితాలు, సంఘాల కరపత్రాలు పోగేస్తానంటున్నావట. కోపంగానే చెప్పింది, నేను కూడా దానికి వంత పాడాను. ఫోన్ పెట్టేశాక మాత్రం చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో ఒకరికైనా ఈ ధ్యాస పుట్టిందని సంతోషం ఒకవైపు, ఒక్కదానివే స్కూటీ మీద ఊళ్లు తిరుగుతావని భయం ఒకవైపు.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. కాగితం మీద పెన్సిల్‌తోనే రాయి. చిరిగిందని సెల్లోటేప్ వేయకు, లామినేషన్ అసలే వద్దు. తుప్పు పట్టిన గుండుసూదులు మెల్లగా తీసెయ్. రెండు వైపులా ఫోటో తియ్, వెనకవైపు ఖాళీగా ఉన్నా సరే. ఎవరిచ్చారు, ఏ రోజు ఇచ్చారు, ఏ పెట్టెలో ఏ వరుసలో ఉన్నాయి, అన్నీ అక్కడికక్కడే రాసుకో. ఇంటికెళ్లి రాద్దామనుకుంటే మర్చిపోతావు.

సర్కారు కాగితం గురించి నాకంత బెంగ లేదు. తార్నాకలో ఆర్కైవ్స్ ఉంది. అక్కడ లేనిది సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి అడుగు, 30 రోజుల్లో జవాబివ్వాలి. హనుమకొండలో 1904లో పెట్టిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం గ్రంథాలయం ఉంది, అక్కడా వెళ్లి కూర్చో. నా బెంగంతా జనం కాగితం గురించే. 610 జీవో సంగతే చూడు. 1985 డిసెంబర్ 30న వచ్చింది. మా తెలంగాణ జిల్లాలున్న 5, 6 ఉద్యోగ జోన్లలో నియమాలకు విరుద్ధంగా ఉద్యోగాల్లో చేరిన స్థానికేతరులను 1986 మార్చి 31 లోపల వాళ్ల జోన్లకు పంపాలని అందులో ఉంది. ఆ తేదీ పోయింది. ఏళ్లు గడిచాయి. చివరికి 2001లో ఆ జీవో అమలు సంగతి తేల్చడానికి గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చింది. మధ్యలో ఆ పదిహేనేళ్లు మేము భోజనం గంటలో ఆఫీసు వరండాలో నిలబడి మాట్లాడినవి, సైక్లోస్టైల్ తీసి పంచినవి ఎవరి దగ్గరున్నాయి? జీవో ఒక్కటే చదివినవాడికి అది అమలైందనే అనిపిస్తుంది. కాలేదని చెప్పేది మా కాగితమే.

ఇక ఎవరికీ చెప్పనిది ఒకటి నీకు చెప్పాలి. 1988లో మా ఊరి పెద్దమనిషి ఒకాయన పోయారు. 1969లో మా చుట్టుపక్కల ఊళ్లలో జై తెలంగాణ సభలు పెట్టించింది ఆయనే. నేను పదో తరగతి, ఆయన వెనక జెండా పట్టుకుని తిరిగాను. దినాలు అయ్యాక వాళ్లబ్బాయి నన్ను పిలిచి, నాన్న కాగితాలు నువ్వే తీసుకో అన్నా అని రెండు గోనె సంచులు ఇచ్చాడు. సైకిల్‌కు కట్టుకుని తెచ్చి హాల్లో కుమ్మరించాను. కరపత్రాలు, పెద్ద లీడర్ల ఉపన్యాసాలు, పేపర్ కటింగులు ఒకవైపు పెట్టాను. మిగతావి చందా పుస్తకాలు, పోస్టుకార్డులు, టీ లెక్కలు, జీపు డీజిల్ చీటీలు. వాటితో ఎవరికి పని, ఇల్లంతా నిండిపోతోంది అనుకున్నాను. పాత పేపర్లు కొనేవాడిని పిలిచి తూకానికి వేశాను. వచ్చిన డబ్బుతో మీ అత్త కూరగాయలు కొన్నది.

2010లో, అప్పుడు మళ్లీ ఊరూరా తెలంగాణ కోసం జేఏసీలు, అంటే ఉమ్మడి పోరాట సంఘాలు, నడుస్తున్నాయి, ఒకామె వెతుక్కుంటూ మా ఇంటికొచ్చింది. అరవై దగ్గర వయసు. వాళ్ల నాయన మగ్గం నేసేవాడట, 69లో చందా ఇచ్చాడట, సభకు పోయి లాఠీ దెబ్బలు తిన్నాడట. ఎక్కడా పేరు లేదు సారూ, ఆ చందా పుస్తకంలో మా నాయన వేలిముద్ర ఉంటదన్నారు, ఒక్కసారి చూపిస్తారా అంది. నా దగ్గర లీడర్ల ఉపన్యాసాలన్నీ ఉన్నాయి. ఆ వేలిముద్ర లేదు. చాయ్ తాగకుండానే వెళ్లిపోయింది. ఆమె కట్టుకున్న చీర రంగు కూడా నాకింకా గుర్తుంది బిడ్డా, గచ్చకాయ రంగు.

అందుకే చెప్తున్నా, ఏది పనికొస్తుందో నువ్వు తేల్చకు. సంచి ఎలా ఇస్తే అలాగే, ఆ వరుస చెదరకుండా పెట్టు. చాయ్ లెక్క పక్కనే ఆ రోజు సభ కరపత్రం ఉందంటే ఆయన అలా పెట్టుకున్నాడు కాబట్టే. విడదీస్తే ఆ సంగతి పోతుంది.

ఇంకోటి, ఇది కొంచెం గట్టిగానే చెప్తున్నా, విను. చందా ఇచ్చినవాళ్ల పేర్లు ఎంత విలువైనవో అంతే ప్రమాదం కూడా. 69 వాళ్లల్లో చాలామంది లేరు, పర్వాలేదు. కానీ పౌరహక్కుల సంఘాల కాగితాలు, విద్యార్థి సంఘాలవి నీ చేతికొస్తాయి. 1985 సెప్టెంబర్ 3న మన వరంగల్‌లోనే పౌరహక్కుల సంఘం నాయకుడు డాక్టర్ రామనాథం గారిని ఆయన క్లినిక్‌లో కాల్చి చంపారు. ఆ రోజుల్లో కొడుకు పుస్తకాల్లో కరపత్రం కనబడితే రాత్రికి రాత్రే పొయ్యిలో పెట్టిన తల్లులను నేను చూశాను. బతికున్నవాళ్ల పేరు, ఊరు నెట్‌లో పెట్టేముందు వాళ్లనే అడుగు. వద్దంటే వద్దు. ఇరవై ఏళ్లు మూసి పెట్టమంటే మూసి పెట్టు. నువ్వు తొందరపడే పిల్లవు, నాకు తెలుసు.

ఎవరూ మొదటి రోజు ఇవ్వరు. వాళ్లిచ్చిన చాయ్ తాగు, పిల్లల చదువులడుగు. మూడోసారి వెళ్తే సజ్జ మీది ట్రంకు వాళ్లే దింపుతారు. ఉర్దూ కాగితాలొస్తే చదవలేనని పక్కన పడేయకు, మా దోస్తు ఒకాయన చదివి పెడతాడు. చీకటి పడే వేళకు ఇంటికి చేరు.

కింది అంతస్తులో మాత్రం ఏదీ పెట్టకు. 2023 జూలైలో నయీంనగర్ నాలా పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చినప్పుడు నేను మోకాళ్ల లోతు నీళ్లలో ట్రంకు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కాను. డెబ్బై ఏళ్లకు అది చేయాల్సిన పని కాదు. వానలు మొదలవకముందే ఇనుప ర్యాకు కొను, కింది అర ఖాళీగా వదిలెయ్. డబ్బులు నేనిస్తాను, మీ అమ్మకు చెప్పకు.

ఆదివారం పొద్దున రా. ఆ ట్రంకు అడుగున ఒక చందా పుస్తకం ఉంది. కరపత్రాల మధ్యలో ఇరుక్కుని ఆ రోజు తూకానికి పోకుండా మిగిలింది. కార్బన్ మరకలు, రూపాయి, రెండు రూపాయలు, రెండు చోట్ల వేలిముద్రలు. అవి ఎవరివో నాకు తెలియదు, తెలుసుకోవడానికి ఆ ఊళ్లకు మళ్లీ పోలేకపోయాను. చేతులు కడుక్కుని, బాగా తుడుచుకుని తియ్. ముందు దాని సంగతి చూద్దాం.

మీ మామ