టెన్షన్ పెరిగితే ఫిట్స్ వస్తున్నాయా?

ఆఫీసులో పని ఒత్తిడి పెరిగిన వారాల్లోనే ఫిట్స్ వస్తున్నాయని రాశారు. నాదీ అదే కథండీ. డైరీ రాయడం మొదలుపెట్టాక తెలిసింది, టెన్షన్ ఒక్కటే కాదు, దానివల్ల చెడిన నిద్ర, మర్చిపోయిన మాత్ర కూడా తోడయ్యేవి. మీరూ ఫిట్స్ వచ్చిన రోజు, ముందు రాత్రి ఎంతసేపు పడుకున్నారో, మందు ఎప్పుడు వేసుకున్నారో రాసిపెట్టండి. మాత్రకి అలారం తప్పనిసరి. టెన్షన్ తగ్గడానికి శ్వాస వ్యాయామం చేస్తే నెమ్మదిగా చేయండి. గబగబా ఊపిరి తీస్తే కొందరికి అదే ఫిట్స్ తెప్పిస్తుంది. అన్నట్టు, ఫిట్స్‌కి ఇచ్చే లెవెటిరాసిటమ్ అనే మందు వాడుతున్నారా? టెన్షన్‌తో పాటు చిరాకు కూడా ఉంటే, అది ఆ మందువల్ల కూడా రావచ్చు. సొంతంగా మానకుండా డాక్టరుతో మాట్లాడండి. ఫిట్స్ 5 నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలని పక్క సీటువాళ్లకి చెప్పి ఉంచండి. నాకైతే అది చెప్పాకే సగం భయం తగ్గింది.